మాబున్ని చెయ్యి

మాబున్నికి పిల్లల్లేరు. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, ఆమె గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదని ఆ వీధి నమ్మకం. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు దిగి లోపలికి వెళితే, పరుపులు కుట్టేవాళ్ల ఇళ్లు వరసగా ఉండే వీధి అది. అక్కడ ఏ ఆడమనిషి గురించి అడిగినా ఏ ఊరి పిల్ల, ఏం బాగా వండుతుంది, ఎవరితో మాటల్లేవు అని మొదలుపెట్టి గంట చెబుతారు. మాబున్ని గురించి అడిగితే మాత్రం గొంతు తగ్గించి, "పాపం, కడుపు పండలా" అని ఊరుకుంటారు. ఆ 'పాపం' అన్న మాట చెవిన పడితే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

పాపమేమిటి పాపం! ఆమె పులివెందుల పక్కన వేములలో పుట్టిన మనిషి. పెళ్లై వచ్చేటప్పుడు పుట్టింటివాళ్లు గిన్నెలూ చీరెలూ పెట్టి, వాటితో పాటు గంపలో ఒక పుంజునూ రెండు పెట్టలనూ ఇచ్చి పంపారు. నల్లటి రొమ్ము, ఎర్రటి మెడ ఉన్న కాకిడేగ పుంజు అది. బస్సులో కండక్టరు కోళ్లకు కూడా టికెట్టు తీసుకోవాలంటే, "మా ఆయప్పకు కొట్టినావు కదా, అవి ఆయప్ప ఒళ్లోనే కూచుంటాయి లే" అని కొత్త పెళ్లికూతురు బస్సంతా వినపడేలా అంది. పెళ్లికొడుకు వలి బాషా సిగ్గుతో చచ్చిపోయి, గంపను నిజంగానే ఒళ్లోకి తీసుకున్నాడు.

ఆ కోళ్ల సంతతే ఇన్నేళ్లూ ఆ ఇంటి పెరట్లో తిరిగింది. ఆదివారం పొద్దున్నే మాబున్ని జమ్మలమడుగు బస్సెక్కి సంతలో గంప దించిందంటే, మధ్యాహ్నానికి ఖాళీ గంపతో తిరిగొచ్చేది. "వేములామె కోళ్లా?" అని పేరు పెట్టి అడిగేవాళ్లు అక్కడి జనం. పిల్లల కోసం ఆమె తిరగని చోటు లేదు. కడప దర్గాకు వెళ్లింది, ప్రొద్దుటూరులో ఉన్న ఆడ డాక్టర్ల గుమ్మాలన్నీ తొక్కింది. ఆఖరికి ఒకరోజు మందుల సంచీ తీసుకెళ్లి మున్సిపాలిటీ చెత్తబండిలో పడేసి, "ఇంక చాలు. నాకు కోళ్లుండాయి" అని మొగుడితో చెప్పేసింది. వలి బాషా సరేనన్నాడు. ఆయన అన్నిటికీ సరేననే మనిషే గానీ, ఆ రోజు సరేనన్నప్పుడు భార్య చెయ్యి పట్టుకుని అన్నాడు.

ఆ వీధిలో కోడిని పొదుగుకు కూర్చోబెట్టడమంటే చిన్న తతంగం కాదు. గంపలో ఊక పోసి, ఉరుముకు గుడ్లు మురిగిపోకుండా అడుగున ఇనప మేకొకటి, రెండు బొగ్గులు, ఒక ఎండుమిరపకాయ పెడతారు. ఆ పైన గుడ్లు పేర్చవలసింది మాత్రం పిల్లల తల్లి. అంతటితో అయిపోలేదు. మొదటి పిల్ల పెంకు పొడిచిన పూట ఆ తల్లే చెయ్యి అందించి దాన్ని బయటికి తీసి కోడికి చూపించాలి. మంచి చెయ్యి అందితే మిగతావన్నీ వరసగా పిల్లలవుతాయట. పిల్లల్లేని మనిషి చెయ్యి గంప మీద పడిందా, ఇంక అంతే సంగతులు!

మరి మాబున్ని పెరట్లో అన్నేళ్లుగా అన్ని పిల్లలు ఎలా అయ్యాయి? తన గంపలో తన చేత్తోనే కదా ఆమె గుడ్లు పెట్టుకున్నది? అడిగితే వీధి దగ్గర దానికీ జవాబుంది. "అవి వేముల కోళ్లు. మొండివి. యాడేసినా పిల్లలు చేస్తాయి" అనేవాళ్లు. గుడ్డు మురిగితే మాబున్ని చెయ్యి, పిల్ల అయితే వేముల మొండితనం! ఇలాంటి లెక్క వేసేవాళ్లతో ఎవరు మాత్రం ఏం వాదిస్తారు?

ఈ ఏడు ఏప్రిల్ నెలాఖర్లో కోళ్లకు కొక్కెర తెగులు వచ్చింది. మాబున్ని టీకాలు వేయించింది, బూడిద చల్లింది, రోగం సోకిన వాటిని వేరుగా కట్టేసింది. ఏం చేసినా ఆగలేదు. మెడలు వంకర తిరిగి, తెల్లగా పారుకుంటూ ఒక్కొక్కటే పోయాయి. వారం తిరిగేసరికి పెరడు ఖాళీ. ఆఖరి పుంజును పూడ్చిపెట్టి వచ్చి వంటింట్లోకి వెళితే, ఇసక కుండలో గుడ్లు కనపడ్డాయి. తెగులు రాకముందు పెట్టిన గుడ్లు. వేముల నుంచి వచ్చిన సంతతి అంటూ లోకంలో ఏమన్నా మిగిలితే అది ఆ కుండలోనే మిగిలింది. వాటిని కూర, అట్టు చేసుకోవడానికి ఆమెకు చేతులు రాలేదు. పొదిగించుకుందామంటే ఇంట్లో కోడి లేదు.

పొదుగు పట్టిన కోడి ఉన్నది గోడకు అవతల, ఖదీజా ఇంట్లో. ఖదీజా ఆమెకు సొంత తోడికోడలు. వలి బాషా అన్న కువైట్‌లో ఉంటాడు, ఇక్కడ ఇల్లూ వాకిలీ ఈమె రాజ్యం. ముగ్గురు పిల్లల తల్లి కాబట్టి వీధిలో ఎవరింట్లో గంప పెట్టాలన్నా ఆమె చెయ్యే కావాలి. చెడ్డ మనిషని అనలేం. ఎవరికి జ్వరమొచ్చినా గంజి కాచి పంపుతుంది. కానీ తన చెయ్యి మంచిదని నలుగురూ అనీ అనీ ఆమెకు ఆ చేతి మీద తెగ గౌరవం ఏర్పడిపోయింది.

మాబున్ని గోడ దగ్గర నిలబడి అడిగింది. "అక్కా, నీ తెల్ల పెట్ట కింద నా గుడ్లు పెట్టుకుంటా."

"దానికేముంది, పెడదాం. కానీ నేను పెడ్తా. నువ్వు గోడకు ఆ పక్కనే ఉండు," అంది ఖదీజా. "ఫాయిజా కాన్పుకు వొస్తాంది గదా. నాకు లేనిపోని బెదురెందుకు?"

ఫాయిజా ఖదీజా పెద్ద కూతురు. దువ్వూరులో ఇచ్చారు. చిన్నప్పుడు మాబున్ని ఒళ్లో పడి నిద్రపోయిన పిల్ల. దాని కాన్పుకూ తన చేతికీ ముడిపెట్టేసరికి మాబున్నికి ఆ గుడ్లు తీసుకుని ఖదీజా నెత్తిన పగలగొట్టాలనిపించింది. కుండ వైపు చూసుకుని ఆగింది. ఆ గుడ్లు పోతే పుట్టింటి కోళ్లు పోయినట్టే, జమ్మలమడుగులో తన పేరు పోయినట్టే. అది ఒక ఎత్తు. 'చూసినావా, ఆమె ముట్టుకున్నదేదీ నిలబడదు, ఆఖరికి కోళ్లు కూడా' అని వీధి తీర్పు చెప్పేస్తుంది, అది ఇంకో ఎత్తు. ఆ తీర్పు పడనివ్వకూడదు. పళ్లు కొరుక్కుని, గుడ్లు కొంగులో వేసి గోడ మీంచి అందించింది.

ఖదీజా గంపను రేకుల చావిట్లో పెట్టింది. మే నెల! ప్రొద్దుటూరు ఎండకు బండల మిద్దెలే కొలిమిలా కాగుతుంటే, రేకు కింద ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? మాబున్ని గోడ మీంచి చెప్పి చూసింది. "అక్కా, గంపను ఆ చింతచెట్టు నీడకన్నా మార్చు. కింద తడి ఇసకన్నా పోయి. ఈ వేడికి లోపల పొరలు ఎండి పిల్లకు అతుక్కుంటాయి."

"పొదుగు గంపను కదపకూడదు. మా అమ్మ ఎప్పుడూ కదపలా."

"మీ అమ్మ కాలంలో రేకులు యాడివి? బోద గడ్డి కొట్టముండె."

"నువ్వు గమ్మునుండు మాబున్నీ. గుడ్లిచ్చినావు, అయిపోయింది."

మూడు వారాలు మాబున్ని గోడకు ఈ పక్కనే ఉంది. ఆ మూడు వారాలూ ఆమె తిన్న తిండి ఒంటికి పట్టలేదు.

ఆ ఉదయం ఖదీజా కేక వేసింది, "పొడిచింది! పొడిచింది!" అని. మాబున్ని పరుగెత్తి గోడ మీంచి తల పెట్టింది. ఖదీజా అరచేతిలో గుడ్డు ఉంది, దాని మీద చిన్న పగులు. లోపలి నుంచి కీచు కీచుమని వినపడుతోంది. ఎదురింటి హేమలత, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చుట్టూ చేరి ఉన్నారు. ఖదీజా బొటనవేలి గోరు ఆ పగులు దగ్గర ఆనించి ఉంది.

"తీయొద్దక్కా!" మాబున్ని అరిచింది. "ఇప్పుడే గదా పొడిచింది. దానికింకా దినమంతా పని ఉంది. కోడి కింద పెట్టెయ్!"

"మొదటి పిల్ల. చెయ్యి అందియ్యాల," అంది ఖదీజా, తల కూడా ఎత్తకుండా. పెంకు ముక్క ఊడదీసింది. ఇంకోటి ఊడదీసింది. లోపలి పొర పట్టుకుని లాగింది.

ఎర్రగా వచ్చింది. సన్నటి ధారగా మణికట్టు మీదికి కారింది. అరచేతిలో పడ్డ పిల్ల బొడ్డు దగ్గర పచ్చసొన ఇంకా లోపలికి పోకుండా తిత్తిలా వేలాడుతోంది. అది నాలుగైదు సార్లు నోరు తెరిచి ఆగిపోయింది.  ఖదీజా ముఖం పాలిపోయింది. తర్వాత మెల్లగా తల ఎత్తి గోడ వైపు చూసింది.

"నువ్వు చూసినావు. నీ కన్ను పడింది," అంది.

మాబున్ని ఇంక గోడకు ఈ పక్కన ఉంటే ఒట్టు! వీధిలోకి వచ్చి, చుట్టూ తిరిగి, ఖదీజా గేటు తోసుకుని లోపలికి నడిచి, చావిట్లో గంప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఇంక ఒగరు చెయ్యి పెట్టినా మర్యాదుండదు చెప్తాండా," అంది. కోడి పొడుస్తున్నా వినకుండా ఒక్కో గుడ్డూ తీసి చెవికి ఆనించుకుంది. చప్పుడు లేదు. ఇంకోటి. చప్పుడు లేదు. గోరుతో తట్టి చూసింది, కదిపి చూసింది. అన్నీ లోపలే పోయాయి. అడుగున ఉన్న ఒక్క గుడ్డు మాత్రం చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కు టిక్కుమంది. దాని మీద కూడా ఆవగింజంత పగులు ఉంది. మాబున్ని దాన్ని కోడి కింద పెట్టేసి, మిగతావి పక్కన పెట్టి, "వీటికి నా కన్ను తగల్లా. నీ రేకు తగిలింది," అని ఖదీజాతో ముఖం మీదే చెప్పింది.

"లెయ్యి నా ఇంట్లోనించి!"

"నా గుడ్డు ఈడుంది. గుడ్డు యాడుంటే నేనాడుంటా."

మొగుణ్ని కేకేసి ఇసక తెప్పించింది. తడిపి గంప కింద పోసి, రేకు మీద తడి గోతాలు పరిపించింది. తర్వాత ఇంక చేసిందేమీ లేదు. కూర్చుంది. అసలు కష్టం అదే. పొద్దెక్కేకొద్దీ ఆ గుడ్డు అరుపు పెరిగింది. హేమలతకు కళ్లనీళ్లు తిరిగాయి. "ఎట్లా ఏడుస్తాందో చూడు మాబున్నీ. రవంత పెంకు తీస్తే దానికి ఊపిరాడదా? నీకు మనసెట్లా ఒప్పుతాంది?"

"అది ఏడుపు కాదు హేమలతా. పని చేస్తాంది. దాని రగతం ఇంకా ఆ పొరల్లోనే ఉంది. పచ్చసొన కడుపులోకి పీల్చుకోవాల. పీల్చుకున్నాంక అదే తిరుగుతా తిరుగుతా పెంకును చుట్టూ కోసుకుంటాది. ఇప్పుడు పీకితే ఇందాక చూసినారు గదా."

"ఎంతసేపంట?"

"ఒగ పగలు, ఒగ రాత్రి. ఆపైన గూడా కోసుకోలేకపోతే అప్పుడు చూద్దాం."

రాతి గుండె అన్నారు. కన్నపేగు ఉంటే తెలిసేదన్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే తలా ఒక మాట అని పోయారు. మాబున్ని అన్నీ విన్నది. నిజానికి ఆ గుడ్డు అరుస్తున్నప్పుడల్లా ఆమె వేళ్లూ లాగేశాయి. చిన్నప్పుడు వేములలో ఇలాగే ఆగలేక పీకి, ఎన్ని పిల్లల్ని చంపిందో, వాళ్లమ్మ చేతిలో ఎన్ని దెబ్బలు తిన్నదో ఆమెకే తెలుసు. అందుకే చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చావిట్లోనే చాప వేసుకుని పడుకుంది.

తెల్లవారింది. మాబున్ని గుడ్డు తీసి చూసింది. పగులు నిన్న ఎంత ఉందో అంతే ఉంది. చుట్టూ పెంకు కోసుకున్న జాడ లేదు. చిల్లు అంచున పొర గోధుమరంగుకు తిరిగి, ఎండి, ముక్కుకు అతుక్కుపోయింది. చెవి దగ్గర పెట్టుకుంటే అరుపు నీరసంగా, ఆగి ఆగి వస్తోంది. రేకు వేడి చేసిన పని ఇది. ఇంక అది తిరగలేదు. ఎంత ఆగినా రాదు.

"గోరువెచ్చని నీళ్లు కావాల," అంది మాబున్ని.

అప్పుడు చూడాలి తమాషా! నిన్న తీయి తీయి అని ప్రాణం తీసినవాళ్లే ఈ రోజు వద్దు వద్దని మొదలుపెట్టారు. "బలం లేనిది. దేవుడు దాన్ని పంపీదల్చుకోలా. ఇడ్సిపెట్టు," అన్నారు. ఖదీజా గడప దాటి వచ్చి అడ్డం నిలబడింది. "నిన్న ముట్టుకోవద్దని లోకమంతా అరిచింది నువ్వే గదా? ఇప్పుడు నువ్వే ముట్టుకుంటావా? మధ్యాహ్నానికి ఫాయిజా వొస్తాంది. నిండు చూలాలు ఇంట్లోకి అడుగుపెట్టే పొద్దుకు నీ చేతిలో ఇంకో చావు నాకొద్దు."

"నిన్నటి గుడ్డు వేరు, ఈ పొద్దుటి గుడ్డు వేరు," అంది మాబున్ని. "నిన్న చెయ్యి పెట్టింటే చచ్చేది. ఈ పొద్దు పెట్టకపోతే చస్తాది. తప్పుకో అక్కా."

వలి బాషా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి భార్య పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "మాబూ, నా మాట ఇను. ఇంటికి పోదాం రా. అది నీ చేతిలో పోయిందనుకో, ఇంక వీళ్ల నోళ్లకు తాళాలుండవు. బతికినన్నాళ్లూ అదే మాట పడాల."

ఆయన చెప్పింది నిజమే. ఆ సంగతి మాబున్నికి ఆయన కంటే బాగా తెలుసు. ముట్టుకోకుండా లేచి వెళ్లిపోతే గుడ్డు తనంతట తాను చస్తుంది, నింద ఖదీజా రేకు మీదికి పోతుంది. ముట్టుకుంటే మాత్రం నింద తన నెత్తినే. ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. "ముట్టుకోకుండానే ఇన్నేళ్లూ పడలా? అదేదో ముట్టుకునే పడతా. పో, నీళ్లు తీసుకురా. దూది గూడా తీసుకురా."

వలి బాషా ఒక్క క్షణం ఆలోచించి లేచాడు. నీళ్లు కాచి తెచ్చాడు. పరుపుల్లోకి పోసే దూదిలోంచి గింజా నలుసూ లేని పింజెను ఏరి మరీ తెచ్చాడు.

మాబున్ని దూదిని వెచ్చని నీళ్లలో ముంచి, పిండి, ఎండిన పొర మీద అద్దింది. ముక్కు రంధ్రాల్లోకి నీళ్లు పోకుండా చుట్టూ అద్దింది. పొర మెత్తబడ్డాక, గుడ్డు లావుపాటి కొస నుంచి గోటితో ఒక పెంకు ముక్క లేపింది. కింద పొర తెల్లగా, ఉల్లిపొరలా ఉంది. ఎక్కడా ఎరుపు లేదు. ఇంకో ముక్క లేపింది. ఇంకోటి.  నాలుగో ముక్క కింద వెంట్రుకంత సన్నగా ఒక ఎర్ర గీత కనపడింది. మాబున్ని టక్కున ఆగిపోయింది. చిల్లు మీద తడి దూది కప్పి గుడ్డును కోడి కిందికి తోసేసింది.

"ఏంది, మళ్లీ ఆగినావు?" అంది హేమలత.

"ఆ గీతలో ఇంకా రగతముంది. అది లోపలికి పోవాల."

"తీస్తే తీయాల, లేకుంటే లేదు. ఇదేమి నాటకం!" అంది ఖదీజా. కానీ లోపలికి వెళ్లలేదు. స్తంభానికి ఆనుకుని అక్కడే నిలబడింది.

మసీదులో మధ్యాహ్నం జొహర్ అజాన్ వినపడ్డాక మాబున్ని మళ్లీ తీసి చూసింది. గీత వెలిసిపోయింది. ఈసారి ఆమె వేళ్లు ఆగలేదు. తడి చేస్తూ, లేపుతూ, రెక్క కింద ఇరుక్కున్న తలను చూపుడువేలితో మెల్లగా తప్పించింది. తల బయటికి వచ్చింది. పిల్ల నోరు తెరిచి ఊపిరి తీసుకుంది. అందరూ హమ్మయ్య అన్నారు. హేమలత చెయ్యి చాచి, "ఆ కిందిది గూడా తీసెయ్, అయిపోతాది," అంది.

"వొద్దు! కింద సగం దానిదే. కాళ్లతో అదే తన్నుకోవాల. ఆ తన్నుడు గూడా నేనే తన్నితే ఇంక జన్మలో లేసి నిలబడదు."

సగం పెంకుతో పిల్లను గంప అంచున, కోడి రొమ్ము దగ్గర పెట్టింది. అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. ఫాయిజా దిగింది, నడుం పట్టుకుని. "ఈ పక్కకు రావాకు! చూడొద్దు!" అని ఖదీజా అరుస్తూనే ఉంది. ఫాయిజా ఎవరి మాట వింది కనక! సంచీ అక్కడే పడేసి చావిట్లోకి వచ్చి, "ఏంది చిన్నమ్మా?" అని పక్కనే చతికిలబడింది. కోడిపిల్ల ఒకసారి తన్నింది. ఆగింది. మాబున్ని పెదాలు కదులుతున్నాయి, దువానో తిట్టో ఎవరికీ వినపడలేదు. పిల్ల మళ్లీ తన్నింది. పెంకు పక్కకు దొర్లింది. తడిసి ముద్దై, అందం చందం ఏమీ లేని ఒక కోడిపిల్ల ఊకలో బోర్లా పడి, కాసేపటికి తల ఎత్తింది. తెల్ల పెట్ట దాన్ని ముక్కుతో రొమ్ము కిందికి లాక్కుంది.

మాబున్ని ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, అందరి ముందూ, బావురుమని ఏడ్చింది. ఆమె ఏడవగా ఆ వీధి చూడడం అదే మొదలు.

జనం వెళ్లిపోయాక ఖదీజా ఆమెను పక్కకు పిలిచింది. "సరే, బతికింది. మంచిదే. ఎవురన్నా అడిగితే 'మా అక్క తీసింది' అని చెప్పు. నీ మేలు కోసరమే చెప్తాండా. గంప మీద నీ చెయ్యి పడిందంటే ఆ పిల్లను రేపు ఎవురూ కొనరు."

"కొనకపోతే మానీ. నేను అమ్మేదే లేదు," అంది మాబున్ని. మరునాడు పొద్దున, పిల్ల ఆరి బొచ్చు విచ్చుకున్నాక, దాన్ని అరచేతిలో పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. ఏ ఇంట్లో పొదుగు గంప ఉన్నప్పుడు తనను గడప బయటే ఆపారో ఆ ఇళ్ల ముందల్లా ఆగింది. "చూడండి. నేను తీసినా. ఈ చేత్తోనే తీసినా," అని చెప్పి, వాళ్లు ఏమంటారో వినడానికి కూడా నిలబడకుండా తర్వాతి ఇంటికి వెళ్లింది.

వీధి మూడు రోజులు ఆలోచించింది. ఆలోచించి తన లెక్క మార్చుకుంది. అది ఎలా మార్చుకుందో వింటే ఒళ్లు మండుతుంది. హేమలత వచ్చి, "మాబున్నీ, నీ చెయ్యి శానా మంచిదంట. మా గంపలో గుడ్లు నీ చేత్తోనే పెట్టిపో," అంది. ఇంకొకామె పెళ్లై ఏడాదైన కోడల్ని వెంటబెట్టుకొచ్చి, తల మీద చెయ్యి పెట్టమంది. ఆఖరికి ఖదీజానే గోడ అవతల నుంచి కాకుండా గేటు దాటి ఇంట్లోకి వచ్చింది. "చచ్చేదాన్ని బతికించిన చెయ్యి నీది. ఒగసారి వొచ్చి ఫాయిజా కడుపు మీద పెట్టిపో. నాకు ధైర్యంగా ఉంటాది," అంది.

చెడ్డ చెయ్యి అన్నప్పుడు కూడా మాబున్నికి ఇంత కోపం రాలేదు.

"మొన్నటిదాకా చెడ్డదంటిరి. ఈ పొద్దు మంచిదంటాండారు. రెండు పేర్లూ మీరే పెడితిరి, నన్ను ఒగ మాట అడిగినారా?" అంది. చెయ్యి చాచి ఖదీజా ముఖం ముందు పెట్టింది. "చూడక్కా. మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. చెయ్యి. అంతే. రేపు ఇదే చేతిలో ఇంకో పిల్ల పోతాది, అప్పుడేమంటారు? పొర చూసినా, రగతం చూసినా, ఆగాల్సినప్పుడు ఆగినా, తీయాల్సినప్పుడు తీసినా. అది నేర్చుకుంటామంటే రమ్మను, ఎవురికైనా చూపిస్తా. తల మీద పెట్టమంటే మాత్రం పెట్టను. ఫాయిజాకు నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకపో. నేనూ వొస్తా. చిన్నమ్మగా వొచ్చి పక్కన కూచుంటా. తాయెత్తుగా రాను."

ఖదీజాకు కోపం వచ్చి వెళ్లిపోతుందనుకుంది మాబున్ని. ఆమె వెళ్లలేదు. అరుగు మీద కూర్చుంది. పెరట్లో కోడిపిల్ల మట్టిని కెలుకుతుంటే చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత తన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాన్ని చూసుకుంటూ అడిగింది.

"మాబున్నీ, ఆ పొద్దు నేను తీసిన మొదటిది... ఆగి ఉంటే అది బతికేదా?"

ఏమో అక్కా అనొచ్చు. దాని రాత అంతే అనొచ్చు. ఆ ఒక్క అబద్ధంతో పెద్ద మనిషి మనసు తేలికపడుతుంది, ఆమె చేతికి వీధిలో ఉన్న పేరూ అలాగే ఉంటుంది. మాబున్నికి ఆమె మీద జాలి కలిగింది. అయినా సరే.

"బతికేదక్కా," అంది.

ఖదీజా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాబున్ని వెళ్లి ఆమె పక్కన కూర్చుంది గానీ, అన్న మాటను వెనక్కి తీసుకోలేదు.